వెనుక పలక మీది చరిత్ర: తొలినాటి అమెరికా కొయ్యపని

17వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటి ఉత్తర అమెరికా తూర్పు తీరంలో స్థిరపడిన వలసదారులకు, తాము విడిచి వచ్చిన దేశానికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి ఎదురైంది. ఇంగ్లండులో అప్పటికే మంచి కర్ర ఖరీదైపోయి, సామాను చేయడానికి అనువైన ఓక్ చెక్కలో కొంత భాగం బాల్టిక్ తీరాల నుంచి ఓడల్లో వచ్చేది. పనివారికి మాత్రం కొరత లేదు. మసాచుసెట్స్, కనెక్టికట్ వలసల్లోనైతే స్థానిక తెగల భూముల్లోని మహారణ్యాలు గుమ్మం ముందే ఉన్నాయి గాని, ఆ మానులను కోసి, చెక్కి, అతికే నిపుణులు కొద్దిమందే. కర్ర చౌక, శ్రమ ప్రియం అనే ఈ లెక్కే 1620 నుంచి 1830 దాకా రెండు వందల ఏళ్లకు పైగా అమెరికా కొయ్యసామానుకు రూపురేఖలు దిద్దింది. కళాచరిత్రకారులు ఈ కాలాన్ని విలియం అండ్ మేరీ, క్వీన్ ఆన్, చిప్పెన్‌డేల్ అంటూ ఇంగ్లండ్ రాజులు, రాణులు, వడ్రంగుల పేర్లతో శైలులుగా విభజించారు. ఆ విభజన ఉపయోగకరమే అయినా, ఏ కర్రను ఏ పనిముట్టుతో ఎలా లొంగదీశారన్న ప్రశ్న అంతకంటే లోతుకు తీసుకుపోతుంది. దానికి జవాబు సాధారణంగా సామాను ముఖం మీద కాక, సొరుగుల అడుగున, బీరువాల వెనుక పలకల మీద దొరుకుతుంది.

తొలి తరం పనివారిలో ముఖ్యులు ఇద్దరు: చట్రాలు అతికి పెట్టెలు, బల్లలు చేసే జాయినరు, తరిమెన మీద కర్రను తిప్పుతూ గుండ్రంగా చెక్కే టర్నరు. జాయినరు పని రంపంతో కాక, మానును చీల్చడంతో మొదలయ్యేది. కొత్తగా నరికిన ఓక్ దుంగలోకి కొస సన్నబడిన ఇనుప దిమ్మెలు దిగగొట్టి, దాన్ని నిలువునా రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడగొట్టి, ఆపైన ఫ్రో అనే పనిముట్టుతో పలకలు తీసేవారు. పొడవాటి మొద్దు అలుగుకు ఒక కొసన నిలువుగా పిడి బిగించి ఉండే ఈ ఫ్రోను దుంగ చివర ఆనించి, కర్ర సమ్మెటతో మోది, పిడిని పక్కకు వంచితే, కర్ర తన నార వెంటనే, అంటే చెట్టు పెరిగిన దిక్కున సాగిన పోగుల వెంటనే, విడిపోతుంది. రంపం గీసిన గీత వెంట కోస్తూ పోగులను ఎక్కడబడితే అక్కడ తెంపుతుంది. చీల్చిన పలకలో పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా నిలుస్తుంది గనుక అది సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది.

దీనికి తోడు ఓక్ మానులో నడిమధ్య నుంచి బెరడు దాకా సాగే కణాల పట్టీలుంటాయి. వృక్షశాస్త్రంలో వాటిని కిరణాలంటారు. దుంగను ఆ కిరణాల తలంలో చీల్చితే వచ్చే పలక, ఆరేటప్పుడు వెడల్పులో కుంచించుకునేది మిగతా దిశలో తీసిన పలకతో పోలిస్తే దాదాపు సగమే. అందువల్ల అది వంకర తిరగదు, దాని ముఖం మీద కిరణాల మెరుపు చారలు కూడా తేలుతాయి. కర్ర పచ్చిగా ఉన్నప్పుడే చెక్కడం వల్ల ఉలికి శ్రమ తగ్గుతుంది. పొడిబారిన ఓక్‌ను చెక్కిన ఎవరికైనా ఈ తేడా ఎంత పెద్దదో తెలుసు. న్యూ ఇంగ్లండ్ జాయినర్లు లోతైన నగిషీ నిండిన భోషాణాలను అంత విరివిగా చేయగలగడానికి ఈ పచ్చికర్ర పద్ధతే కారణం.

చట్రం అతుకు విషయంలోనూ అంతే నేర్పు కనిపిస్తుంది. ఒక కర్ర చివరను సన్నగా చెక్కి కుసి తీసి, మరో కర్రలో తొలిచిన చదరపు గుంటలో దాన్ని దించి, రెంటికీ అడ్డంగా బెజ్జం వేసి కొయ్య చీల దిగగొట్టడం ప్రపంచమంతటా వడ్రంగులకు తెలిసినదే. ఈ జాయినర్లు కుసిలోని బెజ్జాన్ని, గుంట ఉన్న కర్రలోని బెజ్జానికి సరిగ్గా ఎదురుగా వేయక, వెంట్రుకవాసి పక్కకు జరిపి వేసేవారు. ఆ ఎడం వల్ల చీల దిగుతున్నకొద్దీ కుసిని గుంటలోకి బిగలాగుతుంది; జిగురు అవసరమే రాదు. చట్రం మధ్యలో ఉండే పలకను మాత్రం చీలలతో గాని జిగురుతో గాని బిగించకుండా, చుట్టూ తీసిన గాడిలో వదులుగా నిలిపేవారు. తేమ నిండిన వేసవిలో కర్ర ఉబ్బినా, చలికాలంలో పొయ్యి వేడికి కుంచించుకున్నా ఆ పలక గాడిలోనే కదులుతుంది తప్ప పగలదు. ఇలా చేసిన పెట్టెలు మూడున్నర శతాబ్దాల తరువాత కూడా అతుకు వదలకుండా నిలిచి ఉన్నాయి.

వీటిలో విశేషంగా చెప్పుకోదగినవి మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్ పట్టణంలో తయారయ్యాయి. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి వచ్చిన విలియం సియర్ల్ అనే జాయినరు 1667లో మరణించగా, థామస్ డెన్నిస్ అనే మరో జాయినరు 1668లో అతని భార్య గ్రేస్‌ను పెళ్లాడి, అదే డెవన్ సంప్రదాయపు ఆకుల, పూల నగిషీని 1706లో తాను మరణించేదాకా కొనసాగించాడు. కనెక్టికట్ నదీలోయలో సుమారు 1680 నుంచి 1730 వరకు తయారైన హాడ్లీ భోషాణాల ముఖమంతా ట్యులిప్ పూలు, ఆకులు పరుచుకుని, వాటి నడుమ పెళ్లికాబోయే యువతి పేరులోని తొలి అక్షరాలు చెక్కి ఉంటాయి. మ్యూజియంలలో నల్లబడి కనిపించే ఈ పెట్టెల మీద ఒకప్పుడు ఎరుపు, నలుపు రంగులు నిగనిగలాడేవని గుర్తుంచుకోవాలి. తొలి వలసదారుల ఇళ్లు రంగు లేని చీకటి గదులన్న ఊహకు ఆధారం లేదు. అమెరికా భోషాణాన్ని ఇంగ్లండ్ భోషాణం నుంచి వేరు చేసే గుర్తుల్లో మూత ఒకటి. చట్రమంతా ఓక్ అయినా, న్యూ ఇంగ్లండ్ పనివారు మూతకు తరచు వెడల్పాటి ఒకే పైన్ పలకను వాడారు. అంత వెడల్పు పలక ఇంగ్లండ్ వడ్రంగికి సులువుగా దొరికేది కాదు.

ఆ పైన్ చెట్టు చరిత్ర సామానుతోనే ఆగదు. నిటారుగా, చాలా ఎత్తు దాకా కొమ్మ లేకుండా పెరిగే తెల్ల పైన్ మాను బ్రిటిష్ నౌకాదళానికి తెరచాప స్తంభాలుగా అక్కరకు రావడంతో, 1691 నాటి మసాచుసెట్స్ అధికారపత్రం 24 అంగుళాల వ్యాసం దాటిన పైన్ చెట్లను రాజు కోసం ప్రత్యేకించింది. ఆ చెట్ల బెరడు మీద గొడ్డలితో బాణం ఆకారంలో గాట్లు పెట్టేవారు. ఈ కట్టడి మీద రగిలిన కోపం 1772లో న్యూ హాంప్‌షైర్‌లోని వేర్ పట్టణంలో అధికారుల మీద దాడి దాకా పోయింది. ఓక్‌లా చీల్చి పలకలు తీయడానికి పైన్ అంతగా అనువు కాదు, దాన్ని కోయాలి. అందుకు వలసల్లో 1630ల నుంచే నీటి చక్రంతో నడిచే రంపపు మిల్లులు వెలిశాయి. లండన్ కోతపనివారు తమ బతుకుతెరువు పోతుందన్న భయంతో 1768లో లైమ్‌హౌస్ వద్ద ఒక రంపపు మిల్లును ధ్వంసం చేయగా, పనివారే దొరకని అమెరికాలో అదే యంత్రం నూరేళ్లకు పైగా ముందే ఊరి అవసరంగా పాతుకుపోయింది.

కోసిన వెడల్పాటి పలకలు చవకగా దొరకడం, 17వ శతాబ్దం చివర వాల్‌నట్ కర్ర వాడుక పెరగడం, లండన్ నుంచి కొత్త పద్ధతులు రావడం కలిసి జాయినరు స్థానంలో క్యాబినెట్ మేకర్ అనే కొత్త పనివాణ్ని నిలబెట్టాయి. ఇతని పెట్టెలకు చట్రం ఉండదు. పలకల మూలలనే డవ్‌టెయిల్ అతుకుతో కలుపుతాడు. ఒక పలక అంచున కొసకు వెడల్పయ్యే పళ్లను, రెండో పలకలో వాటికి సరిపోయే సందులను కోసి ఒకదానిలో ఒకటి దించితే, ముందుకు లాగినా అతుకు ఊడదు. సొరుగులకు ఇంతకంటే తగిన అతుకు లేదు. సొరుగు ముందుపలకలో ఈ పళ్లు బయటికి కనిపించకుండా లోపలే ఆగిపోయేలా ఉలితో తొలచడం శిష్యుడి చేతి నిదానానికి అసలైన పరీక్ష. పద్నాలుగేళ్ల వయసు ప్రాంతంలో ఒప్పందపత్రం మీద గురువు ఇంట చేరిన కుర్రవాడు ఇరవై ఒకటో ఏటి దాకా తిండి, బట్ట, విద్యలకు బదులుగా పనిచేసేవాడు.

ఇక్కడే సామాను వెనుక భాగాలు మాట్లాడటం మొదలవుతుంది. కనిపించే పలకను మూడు దశల్లో చిత్రిక పట్టేవారు: వంపు తిరిగిన అలుగుతో నారకు అడ్డంగా తోసి ముతక చెక్కును తీసే చిత్రిక, పొడవాటి దిమ్మతో పలకను మట్టం చేసే చిత్రిక, చివరికి నున్నన చేసే పొట్టి చిత్రిక. సొరుగు అడుగున, బీరువా వెనుక మొదటి దశతోనే ఆపేవారు. అక్కడ చెయ్యి పెట్టి తడిమితే ఆ అలుగు వదిలిన లోతు తక్కువ గాడులు, ఇసుకలో అలలు వదిలిన చారల మాదిరిగా, వేళ్లకు తగులుతాయి. దీన్ని నిర్లక్ష్యమనడం పొరపాటు. చూపు పడే చోట నూటికి నూరుపాళ్ల శ్రద్ధ, పడని చోట అవసరం మేరకే శ్రమ అన్నది ఆ పనివాడి వృత్తి వివేకం; మనిషి శ్రమకే ఎక్కువ వెల ఉన్న దేశంలో అతను తన గంటలను తూచి ఖర్చు పెట్టాడు. డవ్‌టెయిల్ పళ్ల పక్కన కొలతకోసం గీసిన సన్నని గీతను కూడా చెరిపేవాడు కాదు. నీటి మిల్లు రంపం పలక మీద తిన్నని, సమాంతరమైన గాట్లు వదులుతుంది. వృత్తాకార రంపం వదిలే వంపు గాట్లు 19వ శతాబ్దంలో గాని విరివిగా కనబడవు. చేత్తో కొట్టిన మేకుల స్థానంలో యంత్రంతో కత్తిరించిన మేకులు వచ్చింది 1790ల నుంచి. గుండ్రని పాత బల్లను నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలిస్తే రెండో కొలత తక్కువ వస్తుంది, ఎందుకంటే కర్ర ఆరేటప్పుడు అడ్డంగానే కుంచించుకుంటుంది. పాత బల్ల అంటూ అమ్మే వస్తువు ఇప్పటికీ కచ్చితమైన వృత్తంగా ఉంటే అనుమానించవలసిందే.

లోపలి భాగాలకు వాడే కర్ర మరింత తేటగా ఊరు పేరు చెబుతుంది. బయటి కర్ర ఏ ఓడలోనైనా రావచ్చు గాని, సొరుగు పక్కలకు, వెనుక పలకలకు పనివాడు తన ఊళ్లో దొరికే చవక కర్రనే వాడతాడు. బోస్టన్ సామానులో అది తెల్ల పైన్. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో చెస్ట్‌నట్, ట్యులిప్ పాప్లర్. ఫిలడెల్ఫియాలో ట్యులిప్ పాప్లర్‌తో పాటు సొరుగుల అడుగున తెల్ల సెడార్. దక్షిణాదిలో పసుపు పైన్, చార్ల్స్‌టన్‌లో సైప్రస్. అందుకే నేటి పరిశోధకులు లోపలి చెక్క నుంచి పిసరు తీసి సూక్ష్మదర్శిని కింద కణాలను పరీక్షించి, కాగితం మీది ఏ దస్తావేజూ చెప్పని పుట్టిన ఊరిని తేలుస్తారు. వీటిలో చెస్ట్‌నట్ చెట్టు నేడు అడవిలో దాదాపు లేదు. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాల వద్ద కనిపించిన శిలీంధ్రపు తెగులు కొన్ని దశాబ్దాల్లో ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టింది.

బయటి కర్రల్లో 18వ శతాబ్దం నడిమికి మహాగని అన్నిటినీ మించిపోయింది. అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద బ్రిటిష్ పార్లమెంటు 1721లో సుంకం ఎత్తివేయడంతో జమైకా మొదలైన కరీబియన్ దీవుల మహాగని వ్యాపారం ఊపందుకుంది. వెడల్పు, చీడ పట్టని గుణం, ఏ వైపు నుంచి ఉలి పెట్టినా ముక్కలు రాలకుండా సన్నని నగిషీని నిలుపుకునే బిగువు, ఈ మూడూ ఒకే కర్రలో ఉండటం అరుదు. అయితే ఆ మానులను నరికి, నదుల దాకా లాగింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. మహాగనిని తెచ్చిన వ్యాపార నౌకల లోకంలోనే బానిస వ్యాపారమూ సాగేది. న్యూపోర్ట్ రేవు ఆ రెంటికీ కేంద్రం. ఈ సంగతిని పక్కనపెట్టి ఆ సామాను అందం గురించి మాత్రమే రాయడం న్యాయం కాదు.

ఆ న్యూపోర్ట్‌లోనే క్వేకర్ మతస్థులైన టౌన్‌సెండ్, గాడర్డ్ కుటుంబాలు వియ్యాలందుకుంటూ మూడు తరాల పాటు ఈ పని చేశాయి. దళసరి మహాగని దిమ్మను తొలిచి, సొరుగుల ముఖాన్ని ఉబ్బు, లోతు, ఉబ్బుగా మూడు నిలువు పట్టీలు చేసి, ఒక్కొక్క పట్టీ పైన శంఖపు చిప్ప ఆకారం చెక్కడం వారి ప్రత్యేకత. జాన్ గాడర్డ్ 1724 నుంచి 1785 వరకు, జాన్ టౌన్‌సెండ్ 1733 నుంచి 1809 వరకు జీవించారు. ఆ కుటుంబాల పనిగా పేరుపడి వ్యాపారి నికొలస్ బ్రౌన్ ఇంట ఉన్న రాతబల్లా, పుస్తకాల బీరువా కలిసిన వస్తువు 1989లో క్రిస్టీస్ వేలంలో 1 కోటి 21 లక్షల డాలర్లు పలికింది. ఇదే కాలపు ఫిలడెల్ఫియా సామాను మీద నగిషీ మరింత దట్టం. లండన్ వడ్రంగి థామస్ చిప్పెన్‌డేల్ 1754లో ప్రచురించిన నమూనాల పుస్తకాన్ని చూసి అక్కడి పనివారు ఆకులూ తీగలూ చెక్కారు. ఫిలడెల్ఫియా చెక్కడం చూపును కట్టిపడేస్తుందన్నది నిజమే గాని, కర్ర స్వభావాన్ని, ఆకృతిని ఒకటిగా కలపడంలో న్యూపోర్ట్ పనితనమే పైచేయి. ఫిలడెల్ఫియా క్యాబినెట్ మేకర్లు 1772లో ముద్రించిన ధరల పుస్తకంలో ఒకే వస్తువుకు మహాగనిలో ఒక వెల, వాల్‌నట్‌లో ఒక వెల ఉన్నాయి. కర్ర ఎంపిక ఎంత దూరం లెక్కకు వచ్చేదో ఆ పుస్తకమే సాక్ష్యం.

ఆ పనులు చేసిన చేతులన్నీ స్వేచ్ఛ ఉన్నవి కావు. అమెరికాలో తెలిసినంతలో తొలి చిత్రికల తయారీదారు మసాచుసెట్స్‌లోని రెంథమ్‌కు చెందిన ఫ్రాన్సిస్ నికల్సన్. పలకల అంచులకు వంపుల వరుసలు తీసే చిత్రికలు చేసే ఆ కార్ఖానాలో సీజర్ చెలర్ అనే బానిస పనిచేశాడు. 1753లో మరణించిన నికల్సన్ తన వీలునామాలో చెలర్‌కు స్వేచ్ఛతో పాటు పనిబల్ల, పనిముట్లు, పదెకరాల భూమి ఇచ్చాడు. చెలర్ 1784లో మరణించేదాకా తన సొంత పేరు ముద్రవేసిన చిత్రికలు చేశాడు. పసుపు బర్చ్ కర్రతో చేసిన ఆ పనిముట్లు ఇప్పటికీ మిగిలి ఉండి, అమెరికాలో పేరు తెలిసిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ పనిముట్ల తయారీదారు ఆయనేనని చాటుతున్నాయి. వర్జీనియాలో థామస్ జెఫర్సన్ ఎస్టేట్ అయిన మాంటిచెల్లోలో బానిసగా పుట్టిన జాన్ హెమింగ్స్ మరో గొప్ప జాయినరు. జెఫర్సన్ మనుమరాలు ఎలెన్ కోసం ఆయన ఎంతో శ్రమించి చేసిన రాతబల్ల 1825లో బోస్టన్‌కు ఓడలో వెళుతూ సముద్రంలో మునిగిపోయింది. దానికి బదులుగా జెఫర్సన్ ఎలెన్ భర్తకు పంపినది, ఫిలడెల్ఫియా క్యాబినెట్ మేకర్ బెంజమిన్ రాండోల్ఫ్ చేసిన చిన్న మహాగని రాతపెట్టె. 1776లో జెఫర్సన్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా రాసింది దాని మీదే. అది ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

పనిముట్ల విషయానికి వస్తే, లాంగ్ ఐలండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో డామినీ కుటుంబం మిగిల్చినంత సాక్ష్యం మరెవరూ మిగల్చలేదు. నాలుగో నథానియల్ డామినీ, అతని కొడుకు ఐదో నథానియల్, మనుమడు ఫెలిక్స్ 18వ శతాబ్దం నడిమి నుంచి 1840 ప్రాంతం దాకా ఒకే చోట బల్లలు, కుర్చీలు, గడియారాలు చేశారు. పొలం పని, ఇంటి మరమ్మతు కూడా చేశారు, ఎందుకంటే పల్లెటూళ్లో ఒక్క సామానుతోనే బతకడం కుదరదు. వారి పనిముట్లు వేయికి పైగా, తరిమెనలు, పనిబల్లలు, పద్దుల పుస్తకాలతో సహా డెలవేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియానికి చేరాయి. శిష్యుడు తిప్పగా తిరిగే పెద్ద చక్రపు తరిమెన, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఉక్కు అలుగులకు ఇంట్లోనే చేసుకున్న పిడులు, కుర్చీ భాగాల కొలతలకు కోసుకున్న కొయ్య నమూనాలు, వీటన్నిటినీ ఆ పద్దులతో కలిపి చదివితే ఏ వస్తువుకు ఎన్ని రోజులు పట్టిందో, దానికి ఎంత ముట్టిందో తెలుస్తుంది.

అమెరికా పనివాడి కర్ర జ్ఞానానికి పరాకాష్ఠ మాత్రం ఖరీదైన మహాగని బీరువాలో కాక, ఫిలడెల్ఫియాలో 1740ల నుంచి తయారైన విండ్సర్ కుర్చీలో ఉంది. ఒకే కుర్చీలో మూడు నాలుగు జాతుల కర్ర ఉంటుంది, ప్రతిదానికీ కారణం ఉంటుంది. కూర్చునే పీటకు మెత్తగా, తేలిగ్గా ఉండి బాడిసతో సులువుగా గుల్ల చేయగల పైన్ గాని ట్యులిప్ పాప్లర్ గాని. తరిమెన మీద పదునైన వంపులు నిలిచే కాళ్లకు మేపుల్. వీపుకు ఆనే సన్నని కమ్మీలకు, వంగినా విరగని హికరీ. వీపు చుట్టూ తిరిగే వంపు కర్రను నార తెగకుండా చీల్చి తీసి, పచ్చిగానో ఆవిరి పట్టించో వంచుతారు. బాగా ఆరబెట్టిన కమ్మీ కొసను, కాస్త తేమ మిగిలిన కర్రలోని బెజ్జంలోకి దించితే, కొస తేమ పీల్చి ఉబ్బుతుంది, బెజ్జం ఆరి కుంచించుకుంటుంది. రెండూ కలిసి అతుకును బిగిస్తాయి. ఇన్ని రకాల కర్ర కంటికి కలవదు గనుక కుర్చీకి రంగు వేసేవారు, తొలినాళ్లలో సాధారణంగా ఆకుపచ్చ. ఫిలడెల్ఫియా పనివాడు ఫ్రాన్సిస్ ట్రంబుల్ చేసిన ఇలాంటి కుర్చీలు, స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన పెన్సిల్వేనియా స్టేట్ హౌస్‌కు చేరాయి.

19వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో క్యాబినెట్ మేకర్ డంకన్ ఫైఫ్ దగ్గర సుమారు వందమంది పనిచేసేవారు. కనెక్టికట్‌లో లాంబర్ట్ హిచ్‌కాక్ ఒకే కొలతల భాగాలతో రంగు కుర్చీలను రాశులుగా తయారు చేసి అమ్మాడు. అప్పటి నుంచి చేతిపని గాట్లు క్రమంగా తగ్గిపోగా, 20వ శతాబ్దంలో సేకరణకర్తలు వాటికే వెల కట్టారు, దాంతో నకిలీలూ పుట్టాయి. రోడ్ ఐలండ్ శిల్పి ఆర్మండ్ లామాంటేన్ 1969లో, ప్లిమత్ వలస పెద్ద విలియం బ్రూస్టర్ పేరుతో ప్రసిద్ధమైన 17వ శతాబ్దపు తరిమెన పని కుర్చీకి నకలు చేసి, పాతబడ్డట్టు మార్చి చలామణిలోకి వదిలాడు. అది చేతులు మారి 1970లో మిచిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి అమ్ముడైంది. 1977లో ఆయనే సంగతి బయటపెట్టాక, కుర్చీ లోపలి బెజ్జాలను ఎక్స్‌రే తీసి చూశారు. పాతకాలపు బరమాకు చెంచా ఆకారపు మొన ఉండటం వల్ల బెజ్జం అడుగు గుండ్రంగా తేలుతుంది; ఈ కుర్చీ బెజ్జాల అడుగున నేటి బరమా మొన గుచ్చిన గుర్తు ఉంది. మ్యూజియం ఆ కుర్చీని పారేయలేదు. నకిలీని ఎలా గుర్తుపట్టాలో నేర్పే వస్తువుగా దాచి ఉంచింది.